మాస్టారి కంప్యూటరుకు చిలుము వదిలింది

పాలకొల్లు: పాత ఇనుము కొట్టులో కాటా ఎక్కవలసిన కంప్యూటరు ఒకటి, ఇక్కడ బస్టాండుకు పోయే దారిలోని ఒక రేడియో మరమ్మతు దుకాణంలో పన్నెండు రోజులు వుండి తిరిగి ప్రాణం పోసుకుంది. ఈ రోజున దాన్ని అమ్మితే వచ్చేది ఇనుము ధరే. అయితే అందులోని రాతల కోసం ఒక వూరి రైతులు ఎదురుచూశారు.

ఆ కంప్యూటరు పాలకొల్లు సమీప గ్రామంలో పనిచేసి రిటైరై, ఆ తరువాత కాలం చేసిన ఒక హైస్కూలు హెడ్‌మాస్టరుగారిది. 1991లో ఆయన దానిని పాతదిగా కొనుక్కున్నారు. అది మొదలు 1999 వరకు కాలువకు నీరు వదిలిన తేదీ, నారుమడి పోసిన తేదీ, వూడుపులు, కోతలు, ధాన్యం బస్తా ధర, మురుగు కాలువ పొంగి చేలు మునిగిన రోజులు ఏ రోజుకారోజు టైపు చేసి పెట్టారు. తెలుగు అక్షరాలు తెలియని యంత్రం కనుక తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో రాశారు. కాగితం మీద నకలు లేదు. మురుగు కాలువ పూడిక తీయించమని అర్జీ పెట్టుకోదలచిన రైతులు ఆ తేదీల కోసం మాస్టారి అబ్బాయిని అడిగారు. అప్పుడుగాని అటక మీది పెట్టె ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పటికే ఆ పెట్టెను రెండు చోట్ల చూపించారు. ఒకచోట స్విచ్చి వేయగానే ‘టిక్కు’మని ఆగిపోయింది. మరొకచోట డిస్కును ఫార్మాట్ చేసి చూద్దామన్నారు. ఫార్మాట్ అంటే రాసిన పలకను తడిగుడ్డతో తుడవడమే. అబ్బాయి ఒప్పుకోకపోవడం వూరి అదృష్టం.

రేడియోలు, టీవీలు బాగుచేస్తూ అరవయ్యేళ్లు దాటిన ఈ మెకానిక్ పెట్టెను బల్ల మీద పెట్టించుకున్నారు గాని ప్లగ్గు పెట్టలేదు. “ఒకసారి ఆన్ చేసి చూడండి బాబాయిగారూ” అని అబ్బాయి తొందరపడగా, “ఇన్నేళ్లు అటక మీద వున్నదాన్ని ఆన్ చేసి చూడకూడదు బాబూ, చూసి ఆన్ చేయాలి” అన్నారు. మూత తీస్తే ఫ్యాను రెక్కల మధ్య కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు! ముందు దానిని బ్రష్షుతో దులిపారు.

అసలు రోగం మదర్‌బోర్డు అంచున కనిపించింది. అక్కడ చిటికెన వేలి కణుపంత బాటరీ ఒకటి వుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారం నడవడానికి, లోపల ఏ డిస్కు వుందో గుర్తుండడానికి అది అవసరం. నికెల్, కాడ్మియంతో చేసిన 3.6 వోల్టుల బాటరీ. ఏళ్లు గడిచేసరికి అందులోని క్షారం బయటకు కారి బోర్డు మీది రాగిగీతలను తినేస్తుంది. పూజగదిలో తోమకుండా వదిలేసిన రాగిచెంబులా ఆ మూలంతా పచ్చగా చిలుము పట్టివుంది. ఆ కాలపు యంత్రాలలో వాడినా, వాడకపోయినా పాడయ్యేది ఈ బాటరీయే. ఇంట్లో అలాంటి పెట్టె దాచుకున్నవారు ముందు దీనిని తీయించడం మంచిది.

బాటరీని కోసి తీసేసి, చిలుము మీద వెనిగర్‌ను దూదితో అద్దారు. క్షారానికి పులుపు విరుగుడు. కాస్త నురుగు వచ్చి చిలుము కరిగింది. తరువాత ఆయన బోర్డును కారు బాటరీలో పోసే డిస్టిల్డు వాటరుతో శుభ్రంగా కడిగేశారు. కంప్యూటరును నీళ్లతో కడగడమేమిటని ఈ విలేఖరి ఆశ్చర్యపోగా, కరెంటు లేనప్పుడు నీరు దానినేమీ చేయదని, ఆరకుండా కరెంటు ఇస్తేనే ప్రమాదమని చెప్పారు. మన ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ కనుక రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టారు. మల్టీమీటరు పెట్టి చూస్తే మూడు గీతలు పూర్తిగా తెగివున్నాయి. పాత వైరులోంచి లాగిన వెంట్రుకంత రాగితీగతో వాటికి వంతెనలు వేసి టంకం పెట్టారు. భూతద్దంతో చేసిన ఈ పనికి ఒక పూట పట్టింది.

ఇక పవర్ సప్లై. బరువు లేకుండా ఈ తరహా సప్లై లేవదు. ఎర్రతీగకు, నల్లతీగకు మధ్య పాత కారు హెడ్‌లైటు బల్బు కట్టి స్విచ్చి వేస్తే బల్బు మందంగా వెలిగింది. ఎర్రతీగలో 5, పసుపుపచ్చ తీగలో 12 వోల్టులు సరిగ్గానే వున్నాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా ఆ డబ్బా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచివుండవచ్చు కనుక, తెలియనివారు దాని మూత విప్పరాదు.

సప్లై బాగానే వున్నా బోర్డుకు తగిలించగానే మళ్లీ ‘టిక్కు’. అంటే దొంగ బోర్డులోనే వున్నాడు. పసుపుపచ్చ తీగకు, నల్లతీగకు మధ్య మీటరు దాదాపు సున్నా ఓములు చూపింది. 12 వోల్టులు ఎక్కడో నేరుగా భూమికి చేరుతున్నాయి. అలా జరిగితే సప్లై తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అనుమానం టాంటలం కెపాసిటర్ల మీద. కందిగింజంత వుండే ఈ బొట్లు ముసలివైతే లోపల కలిసిపోతాయి. ఒక్కొక్కదానికి ఒక కాలు లేపి చూస్తూ పోగా మూడవది దొరికింది. కొద్ది రూపాయల సరుకు అంత పెద్ద యంత్రాన్నీ కట్టేసింది!

తిరిగి తగిలించేటప్పుడు ఆయన “నలుపు పక్కన నలుపు” అని పైకే అనుకున్నారు. సప్లై నుంచి బోర్డుకు వచ్చే ప్లగ్గులు రెండు. నల్లతీగలు మధ్యలో పక్కపక్కన వుండాలి. తారుమారైతే బోర్డు కాలిపోతుంది.

ఈసారి ఫ్యాను తిరిగింది. స్పీకరు మూడుసార్లు కూసింది. ఆ బోర్డు భాషలో మూడు కూతలంటే జ్ఞాపకశక్తిలో లోపమని అర్థం. ఒక మెగాబైటు కోసం 36 చిప్పులు సాకెట్లలో గుచ్చివున్నాయి. వేడికి, చల్లదనానికి అవి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పైకి లేస్తాయి. బొటనవేలితో ఒక్కొక్కటి నొక్కితే చాలు, తెర మీద అంకెలు లెక్కపెట్టడం మొదలైంది.

రేడియో మెకానిక్‌కు కంప్యూటరు ఎలా లొంగిందని అనుమానం రావచ్చు. 1981లో ఐబీఎం కంపెనీ తన పీసీతోపాటు సర్క్యూటు బొమ్మలను కూడా పుస్తకంగా అమ్మింది. ప్రపంచమంతా నకళ్లు పుట్టడానికి అదీ ఒక కారణం. ఆ తరం బోర్డులో చాలా భాగాలను చేత్తో పీకి మార్చవచ్చు. ఇప్పటి ఫోనులో ఆ వీలు లేదు.

చివరిది డిస్కు, అందరి గుండెలూ దడదడలాడినది. 20 మెగాబైట్ల సీగేట్ డిస్కు, దాని మోటారు తిరగలేదు. హెడ్డు పళ్లానికి అంటుకుపోతే ఇలా అవుతుందట. మెకానిక్ డిస్కును చేతిలో పట్టుకుని, బిగిసిన సీసా మూత తిప్పినట్లు మెల్లగా అటూ ఇటూ మణికట్టు తిప్పారు. నాలుగోసారికి సన్నని కూతతో తిరిగింది. బాటరీ పోవడంతో యంత్రం తన డిస్కును మరచిపోయింది కనుక, 615 సిలిండర్లు, 4 హెడ్లు అన్న లెక్క ప్రకారం ‘టైపు 2’ అని సెట్టింగులో చెప్పవలసి వచ్చింది.

తెర మీద మాస్టారి ఫైళ్ల పేర్లు వరుసగా కనిపించేసరికి అబ్బాయి నోట మాట రాలేదు. ఇంకేమీ ముట్టుకోకుండా వాటిని ముందు సీరియల్ తీగ ద్వారా మరో కంప్యూటరులోకి పంపారు. సుమారు మూడు లక్షల అక్షరాలు, ఐదారు నిమిషాల పని. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటిన నాటి పుట, దాని తరువాత చేలలో నీరు తీసిన రోజుల లెక్క పదిలంగా వున్నాయి. ఆ సాయంత్రమే రైతులు వచ్చి తేదీలు రాసుకుని వెళ్లారు.

1998 నాటి ఫైలు మాత్రం సగంలో ఆగిపోయింది. డిస్కు వేడెక్కిన కొద్దీ హెడ్డు గీత తప్పుతుందని, తెల్లవారుజామున చల్లగా వున్నప్పుడు ఒకే ఒక్కసారి ప్రయత్నిస్తానని మెకానిక్ చెప్పారు. అబ్బాయి ఆ రాత్రి ఇంటికి వెళ్లకుండా దుకాణం అరుగు మీదే పడుకున్నారు.