ఎంఆర్‌ఐ స్కాన్: ఒకే మెదడు.. రెండు మిషన్లలో రెండు నంబర్లు! తేడా జబ్బుదా, మిషన్‌దా?

అనంతపురంలో ఒకసారి ఎంఆర్‌ఐ తీయించి, కొన్ని నెలలకు బెంగళూరులో మళ్లీ తీయించుకునేవాళ్లు మన జిల్లాలో ఉంటారు. రెండో రిపోర్టులో నంబర్ మారిందంటే ఇంట్లో టెన్షన్ మొదలు. జబ్బు ముదిరిందా? మిషన్ మారిందనా? డిఫ్యూజన్ ఎంఆర్‌ఐలో ఈ ప్రశ్న చాలా ముఖ్యం.

ఏం కొలుస్తారు?

మెదడులో నీటి కదలికను. కుంటలో రంగు చుక్క వేస్తే అన్ని వైపులా పాకుతుంది. డ్రిప్ పైపులో అయితే పైపు వెంటే పాకుతుంది. నరాల పోగుల్లోనూ అంతే. కదలిక ఒకే దిశలో ఎంతుందో చెప్పే నంబర్ ఎఫ్‌ఏ. ఇది 0 నుంచి 1 మధ్య ఉంటుంది. నీరు మొత్తంగా ఎంత తేలిగ్గా కదులుతోందో చెప్పేది ఏడీసీ.

తేడా ఎందుకు?

ఒకటి 1.5 టెస్లా మిషన్, ఇంకోటి 3 టెస్లా. కంపెనీ, సాఫ్ట్‌వేర్, సెట్టింగులూ వేరు. ఒకే వేరుశనగ మూట రెండు కాటాల మీద రెండు తూకాలు చూపించినట్టే. కాటాను సరిచూడటానికి తూకం రాయి ఉంటుంది. ఎంఆర్‌ఐకి ఆ రాయి.. ఐస్ నీళ్లు! 0 డిగ్రీల దగ్గర నీటి డిఫ్యూజన్ విలువ ఎక్కడైనా ఒక్కటే, సెకనుకు సుమారు 0.0011 చదరపు మిల్లీమీటర్లు. అది తప్పితే మిషన్‌ను చూసుకోవాల్సిందే.

లెక్కలతో సరిచేయొచ్చా?

చేయొచ్చు. జన్యు డేటా కోసం 2007లో వచ్చిన 'కాంబాట్' పద్ధతిని 2017లో డిఫ్యూజన్ ఎంఆర్‌ఐకి వాడారు. ఏ మిషన్ ఎంత ఎక్కువ, ఎంత తక్కువ చూపిస్తోందో లెక్కేసి ఆ తేడాను తీసేస్తుంది. కానీ ఒక సెంటర్‌లో అందరూ ముసలివాళ్లు, ఇంకో చోట అందరూ పిల్లలైతే చిక్కే. వయసు తేడా ఏదో, మిషన్ తేడా ఏదో తెలియదు. పైగా దీనికి చాలామంది స్కాన్లు కావాలి. ఒక్క పేషెంట్ రిపోర్టుకు ఇది పనికిరాదు.

నిమ్హాన్స్ పాల్గొన్న 'సీ-వేద' అధ్యయనంలో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ కూడా ఒక కేంద్రం. పిల్లలు, యువత మెదడు ఎదుగుదలపై దేశంలో పలుచోట్ల డేటా సేకరించారు. అలా చాలా ఊళ్ల స్కాన్లు కలిపి చూసేటప్పుడు ఈ సరిచూపు లేకపోతే, మిషన్ తేడానే పిల్లల మధ్య తేడాగా కనిపించే ప్రమాదం ఉంది.

మనం ఏం చేయాలి?

* వీలైతే ఫాలో-అప్ స్కాన్ అదే సెంటర్‌లో, అదే మిషన్‌పై తీయించుకోండి.
* ఫిల్మ్ ఒక్కటే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోండి. పాత సీడీ పడేయొద్దు.
* సెంటర్ మారితే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.

పక్షవాతం లక్షణాలు కనిపిస్తే మాత్రం ఇవేవీ చూడొద్దు. అక్కడ డాక్టర్లు అదే స్కాన్‌లో దెబ్బతిన్న భాగాన్ని మిగతా మెదడుతో పోల్చి చూస్తారు. మిషన్ ఏదైనా సరే, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.