విటమిన్లు: కొలత చిన్నది, లోటు పెద్దది

విటమిన్ లోపం అనగానే బెరిబెరి, స్కర్వీ, రేచీకటి వంటి జబ్బులే మనకు గుర్తుకొస్తాయి. అవి మనకు లేవు గనుక క్షేమమేననుకుంటాం. కాని జబ్బుకూ సంపూర్ణారోగ్యానికీ మధ్య చాలా దూరం ఉంది. హాస్టళ్ళలో ఉండే మనలో కొందరమైనా ఆ మధ్యదారిలోనే నడుస్తున్నామని నా అనుమానం.

ఇంతకూ మనకు కావలసిందెంత? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం, ఎక్కువ శారీరక శ్రమ లేని యువకుడికి రోజుకు బి-1 విటమిన్ 1.4 మిల్లీగ్రాములు, బి-2 సుమారు 2, సి 80 మిల్లీగ్రాములు, ఎ 1000 మైక్రోగ్రాములు కావాలి. యువతులకు సి 65, ఎ 840 చాలు. లెక్కగట్టి చూడండి, బి-1 ఏడాది పొడుగునా కలిపితే అర గ్రాము! ఇంతేగదా అని అశ్రద్ధ చేయరాదు. శరీరం దీన్ని ఎక్కువకాలం దాచుకోలేదు. తరచుగా అందుతూ ఉండవలసిందే.

స్కర్వీ రాకుండా ఉండటానికి సి విటమిన్ రోజుకు 10 మిల్లీగ్రాములు చాలు. మరి 80 ఎందుకండీ? శరీరంలో నిల్వ నిండుగా ఉండాలి. అదీగాక అవసరం అందరికీ ఒకేలా ఉండదు. 80కి తగ్గిన ప్రతివాడూ రోగి కాడు. అయితే 10కి దగ్గరయ్యేకొద్దీ నీరసం, చిరాకు, చిగుళ్ళ వెంట నెత్తురు మొదలవుతాయి. బి-2 తగ్గితే నోటి మూలలు పగులుతాయి, నాలుక మండుతుంది. రక్తహీనతలోనూ ఇలాంటి లక్షణాలుంటాయి గనుక, తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.

ఈ లోటు చాలావరకు వంటింట్లోనే పుడుతుంది. తెల్లగా మరపట్టిన బియ్యంలో తవుడుతోపాటే బి-1 పోతుంది. మిగిలినదాన్ని నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం! కూరలు తరిగి నీళ్ళలో నానబెడితే సి కూడా అంతే.

దీనికి టానిక్కులే మార్గమనుకోనక్కరలేదు. పైగా ఎ, డి విటమిన్లు శరీరంలో పేరుకుంటాయి. మితిమీరి మింగితే హాని. ఉప్పుడు బియ్యం, తోటకూర, మునగాకు, పాలు, పప్పు — ఇవి మెస్సుకు అందని వస్తువులు కావు. ఒక్క జామకాయ తింటే ఆ రోజుకు సరిపడా సి విటమిన్ వచ్చేసినట్లే.

కాబట్టి సోదర విద్యార్థులకు నా మనవి: ఈసారి మెస్సు కమిటీ సమావేశంలో స్వీటు గురించి అడిగే ముందు, గంజి ఎక్కడికి పోతోందో అడగండి.