పెరుగుతాడని పెద్ద సైకిలు కొన్నాం

"ఎలాగూ పెరిగేవాడే కదా, కాస్త పెద్దదే తీసుకుందాం" అన్నారు మా వారు.

చొక్కా కొన్నా, చెప్పులు కొన్నా, బడి యూనిఫారం కుట్టించినా మన ఇళ్లలో పాటించే సూత్రమే అది. చొక్కా పొడుగైతే లోపలికి మడిచి కుడతాం. చెప్పు వదులైతే నాలుగు నెలలు ఈడ్చుకుంటూ నడుస్తారు. సైకిలుకి మడత ఎక్కడ పెడతాం? ఆ సంగతి దుకాణంలో నిలబడ్డప్పుడు మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అప్పటికి మా పెద్దవాడికి ఏడేళ్లు. దీపావళి బోనసులోంచి 4,800 రూపాయలు పెట్టి 24 అంగుళాల చక్రాల సైకిలు కొన్నాం. సీటు మొత్తం కిందికి దించినా, ఒక పక్కకి వంగితే తప్ప వాడి కాలి బొటనవేలు నేలకు తగిలేది కాదు. "పదిరోజుల్లో అలవాటైపోతుందమ్మా" అన్నాడు దుకాణం కుర్రాడు. పదకొండో రోజు సాయంత్రం మా హోసూరులో చంద్రచూడేశ్వరస్వామి కొండ వైపు నుంచి దిగే వాలులో పడ్డాడు. బ్రేకు లివరు వాడి వేళ్లకు అందలేదు. ఎడమ ముంజేయి ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఎక్స్‌రేలకీ, కట్టుకీ, ఆటోలకీ కలిపి అయిన ఖర్చు సైకిలు ఖరీదును దాటిపోయింది.

డబ్బు సంగతి అలా వుంచండి. తర్వాత రెండున్నరేళ్లు వాడు ఆ సైకిలు వైపు కన్నెత్తి చూడలేదు. వరండాలో దానిమీద మా అత్తయ్య తడి తువ్వాళ్లు ఆరేసుకునేవారు.

ఇప్పుడు మా వీధిలో చూస్తే ఇలాంటి సైకిళ్లు ఇంకా మూడు కనిపిస్తున్నాయి. అన్నీ కొత్తవే, అన్నీ పెద్దవే, అన్నీ గోడకి ఆనించినవే. డబ్బున్నవాళ్లు తప్పు సైజు కొంటే మళ్లీ ఇంకొకటి కొనుక్కుంటారు. ఒక్కసారే కొనగలిగిన మనలాంటివాళ్లకే సైజు సరిగ్గా చూసుకోవలసిన అవసరం ఎక్కువ.

వయసుని బట్టి చక్రం సైజు చెప్పడం దుకాణాల పద్ధతి. ఉజ్జాయింపుగా నాలుగు నుంచి ఆరేళ్లకు 16 అంగుళాలు, ఆరేడు నుంచి తొమ్మిదేళ్లకు 20, ఆ పైన పన్నెండు దాకా 24 అంటారు. కాని ఒకే ఈడు పిల్లల్లో పొడుగు ఎంత తేడాగా వుంటుందో బడి ప్రార్థనలో చూడండి! కొలవవలసింది కాలు. పిల్లను గోడకి వీపు ఆనించి, చెప్పుల్లేకుండా నిలబెట్టండి. రెండు కాళ్ల మధ్య ఒక అట్టపుస్తకాన్ని గోడకి తగిలేలా అడ్డంగా పెట్టి, నెమ్మదిగా పైకి జరపండి. ఇక పైకి పోదు అన్నచోట గోడమీద పెన్సిలు గీత గీసి, నేలనుంచి అక్కడికి టేపు పెట్టండి. నేర్చుకునే పిల్లకి సీటు పూర్తిగా దించినప్పటి ఎత్తు ఆ కొలతను మించకూడదు. అంటే సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలమీద పూర్తిగా ఆనాలి. నడపడం వచ్చిన పిల్లకయితే మునివేళ్లు బాగా ఆనితే చాలు. బారుకి అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడితే మధ్య అంగుళమో, రెండంగుళాలో ఖాళీ వుండాలి. చివరిగా బ్రేకు: పిడి మీద నుంచి చేయి తీయకుండా లివరు వేళ్లకు అందాలి, నొక్కితే చక్రం ఆగాలి. మావాడి విషయంలో మేం చూడనిది ఇదే.

ఈ మాట అంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. "మేమంతా నాన్నల సైకిళ్ల మీద అడ్డతొక్కుడు తొక్కే నేర్చుకోలేదా?" అంటారు. నిజమే. బారు కిందనుంచి కాలు దూర్చి, ఒంటిని వంకర చేసి, సగం సగం పెడలు తొక్కుతూ ఊరంతా తిరిగిన తరం మనది. తమిళులు దాన్నే కురంగు పెడల్ అంటారు, అంటే కోతి తొక్కుడు. ఆ పేరుతోనే 2024లో ఒక తమిళ సినిమా కూడా వచ్చింది, అద్దె సైకిలు కోసం తపించే పల్లెటూరి పిల్లవాడి కథ. మా పిల్లలు దాన్ని చూసి తెగ నవ్వారు. నాకేమో ఎందుకో గొంతు పట్టేసింది.

అయితే ఒక విషయం మరిచిపోతున్నాం. అడ్డతొక్కుడు తొక్కేవాడు సీటు మీద వుండడు, అందువల్ల అదుపు తప్పితే ఒక్క గెంతులో నేలమీద వుండేవాడు. పైగా ఆ రోజుల్లో అద్దె సైకిళ్ల కొట్లలో పిల్లల కోసమే పొట్టి సైకిళ్లు వుండేవి, వెనక మడ్‌గార్డు మీద నంబరు రాసి. గంటకు అర్ధరూపాయి. అంటే మన పెద్దలు సైకిలు కొనకుండానే సరైన సైజు సైకిలు సంపాదించి పెట్టారన్నమాట! ఎదురుగా లారీలూ లేవు. ఇప్పుడు మా వీధి చివర సిప్కాట్‌కి పోయే బస్సులు ఒకదాని వెనుక ఒకటి తిరుగుతుంటాయి.

అలాంటి అద్దె కొట్లు ఇప్పుడు చాలాచోట్ల మూతబడ్డాయి. వాటి స్థానంలో మనకి మిగిలింది పాత సైకిలు.

రంగు కాదు, ఇరుసు చూడండి

పిల్లల సైకిలు అరిగిపోయే వస్తువు కాదు. పిల్లలు దాన్ని దాటి పెరిగిపోతారు, అంతే. రెండేళ్లు తొక్కిన సైకిలుకి ఇంకో పదేళ్ల ఆయుష్షు వుంటుంది. బెంగళూరు అపార్టుమెంట్ల సెల్లార్లలో, పుణె సొసైటీల మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోతున్నవి ఎన్నో. ఏప్రిల్, మే నెలల్లో ఇళ్లు మారేవాళ్లు వాటిని ఎలా వదిలించుకోవాలా అని చూస్తుంటారు. వాచ్‌మన్‌తో ఒక మాట చెప్పి వుంచితే చాలు.

మా పాపకి అయిదున్నరేళ్లప్పుడు మా ఆడపడుచు అలాగే బెంగళూరులో ఒక 16 అంగుళాల సైకిలు చూసి కబురు పెట్టింది. ఈసారి మేం మా వీధి సైకిలు మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లాం. గులాబీరంగు పోయి అక్కడక్కడా తుప్పు కనిపిస్తోంది. నేను మొహం చిట్లించాను. "రంగుకి ఒక డబ్బా చాలక్కా, నువ్వు ఇరుసు చూడు" అన్నాడాయన. ఆ పావుగంటలో ఆయన చూసినవి నేను ఇంటికొచ్చి రాసి పెట్టుకున్నాను.

ముందు హేండిలు గొట్టం, ఫ్రేము కలిసే అతుకుల దగ్గర వేలుపెట్టి తడిమాడు. అక్కడ పగులు గాని, గొట్టం కింద ముడత గాని వుంటే సైకిలు దేనికో గట్టిగా గుద్దుకున్నట్టే, ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. తర్వాత పక్కనుంచి చూసి ముందు ఫోర్కు వెనక్కి వంగలేదు కదా అని చూశాడు. చక్రం పైకెత్తి తిప్పి, బ్రేకు షూకీ రిమ్ముకీ మధ్య సందు గమనించాడు. కొంచెం అటూ ఇటూ ఊగితే పుల్లలు బిగించి బెండు తీయవచ్చు, రిమ్ము నొక్కుకుపోతే మాత్రం మార్చవలసిందే. చక్రాన్నీ, పెడలు చేతుల్నీ పట్టుకుని పక్కకి ఊపితే లోపల టకటకలాడాయి. "ఛర్రాలు మారిస్తే సరి" అన్నాడు.

ఆఖరున చూసింది నాకెప్పటికీ తట్టేది కాదు. సీటు గొట్టం నట్టు వదులు చేసి, సీటు పైకి లాగాడు. తుప్పు పట్టి గొట్టం బిగుసుకుపోతే, పిల్ల పెరిగినా సీటు పెరగదు. అలాంటి సైకిలు ఆరు నెలల్లో చిన్నదైపోతుంది.

టైర్లు, ట్యూబులు, బ్రేకు వైర్లు పోయి వుంటే భయపడనక్కర్లేదు, బేరమాడ్డానికి పనికొస్తాయి. మేం 900 రూపాయలకి తీసుకున్నాం. రెండు ట్యూబులు, ఒక టైరు, నాలుగు బ్రేకు షూలు, ఒక వైరు, ఛర్రాలు, గ్రీజు, మేస్త్రీ కూలీ అన్నీ కలిపి 630. అంతా 1,530. దుకాణంలో అలాంటిదే కొత్తది 3,900 చెప్పారు. మిగిలిన డబ్బులో ఒక కొత్త హెల్మెట్ కొన్నాం. అదొక్కటి మాత్రం పాతది కొనకండి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపల పనికిరాకుండా పోతుంది.

పాత సైకిలు కొనేటప్పుడు బిల్లు వుందా అని అడగడానికి మొహమాటపడకండి. బిల్లు లేకపోతే అమ్మేవాళ్ల ఇల్లూ వాకిలీ అయినా తెలిసి వుండాలి. పెడళ్ల ఇరుసు కింద ఫ్రేము మీద ఒక నంబరు కొట్టి వుంటుంది. అది రాసి పెట్టుకోండి.

కొత్తదే కొనాలనుకునేవారికి ఒక మంచి కబురు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ అంకె చూసుకోండి. కొత్తవాటిలో పిల్లల కళ్లు వెళ్లేది గేర్లు, షాకబ్జార్లు, డిస్కు బ్రేకుల మీదికే. తక్కువ ధర సైకిలుకి ఇవి తగిలిస్తే దాని బరువు పెరుగుతుంది, చెడిపోతే వీధి మేస్త్రీ చేతిలో బాగుపడవు. ఏడేళ్ల పిల్ల బరువే ఇరవై, ఇరవై రెండు కిలోలు, పన్నెండు పదమూడు కిలోల సైకిలుని ఆ పిల్ల ఎత్తు ఎక్కించేదెలా? గేర్లు లేని మామూలు సైకిలే మేలు. అట్టపెట్టెలో ఇంటికి వచ్చే సైకిళ్లని మాత్రం మేస్త్రీ బిగించాకే ఎక్కనివ్వండి. ముందు ఫోర్కు వెనక్కి తిప్పి బిగించుకుని సంబరంగా ఫొటో దిగినవారిని నేనెరుగుదును.

పెడళ్లు తీసేసి నేర్పడం

పాప సైకిలుకి వెనకాల పక్క చక్రాలు కొందామంటే మేస్త్రీ వద్దన్నాడు. పెడళ్లు రెండూ విప్పేసి, సీటు దించి ఇచ్చాడు. కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవడమే. బాలెన్సు దానంతటదే వస్తుంది, వచ్చాక పెడళ్లు బిగిస్తే సరి. పైసా ఖర్చులేని పద్ధతి. దీనికి 15 నంబరు స్పానరు కావాలి. ఎడమ పెడలు మర తిరగేసి వుంటుందని తెలియక దాన్ని పాడు చేసుకునేవాళ్లు చాలామంది. గుర్తు ఏమిటంటే, ఏ వైపు పెడలైనా స్పానరు పైభాగాన్ని సైకిలు వెనక చక్రం వైపు తిప్పితే వదులవుతుంది.

రామనాయకన్ చెరువు పక్క చదునులో పాప నాలుగు ఆదివారాల్లో నేర్చుకుంది. అయిదో ఆదివారం పొద్దున్నే వాకిట్లో ఏదో చప్పుడైతే తలుపు తీశాను. పదోయేట పడిన మా పెద్దవాడు, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా, చెల్లెలి గులాబీ సైకిలు మీద గోడవారన పోతున్నాడు. నన్ను చూసి దిగిపోబోయాడు. నేను పాలగిన్నె కోసం వచ్చినట్టు నటించి లోపలికొచ్చేశాను.

నెల తిరిగేసరికి వరండాలోని పెద్ద సైకిలుకి మేస్త్రీ దగ్గర 620 రూపాయల పని చేయించాం. ఇప్పుడు అది వాడికి సరిగ్గా సరిపోతోంది. "చూశావా, చివరికి పనికొచ్చింది" అన్నారు మా వారు. నేనేమీ అనలేదు.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. ఇంట్లో ఒక్క సైకిలే కొనగలిగితే అది కొడుకుకే వెళుతుంది. బారు కిందికి వంగిన ఫ్రేము కొంటే ఇద్దరూ తొక్కవచ్చు, తల్లి కూడా కూరలకి వెళ్లిరావచ్చు. "ఆడపిల్లల సైకిలు" అని మగపిల్లలు గునుస్తారు, రెండు రోజులు గునవనివ్వండి. 1990 దశకం మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాదిమంది పేద స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. ఆడ సైకిళ్లు చాలక మగ సైకిళ్లే కొన్నారు. బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కాబట్టి అదే నయమన్నవారూ వున్నారట. పి. సాయినాథ్ ఈ సంగతులు రాశారు. ఆయన మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారి మనవడు.

బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు బాలికలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టాక, చేరికల్లో మగపిల్లలతో వున్న తేడా నూటికి నలభై పాళ్లు తగ్గిందని ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ లెక్క తేల్చారు. తమిళనాడులో 2001-02లో ఎస్సీ, ఎస్టీ బాలికలతో మొదలైన ఉచిత సైకిళ్ల పథకం తర్వాత ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పదకొండో తరగతి పిల్లలందరికీ విస్తరించింది. కర్ణాటకలో 2006-07లో ఎనిమిదో తరగతి పిల్లలకి మొదలుపెట్టారు. ఇలాంటివి ఏ యేడు వస్తాయో, ఏ యేడు ఆగుతాయో బడిలో అడిగి తెలుసుకోండి. వచ్చే యేడు బడిలో సైకిలు వచ్చే పిల్లకి ఈ యేడు అప్పుచేసి కొత్తది కొనడం ఎందుకు?

ఇంతకీ మా పాప కాలు కొలిచి చూస్తే ఇరవై రెండంగుళాలు దాటింది. దానికి ఇప్పుడు 20 అంగుళాల సైకిలు కావాలి. మన సంఘం సభ్యుల్లో ఎవరింట్లోనైనా అలాంటిది ఖాళీగా వుంటే, సీటు గొట్టం కదులుతుందో లేదో చూసి చెప్పండి. గులాబీరంగు 16 అంగుళాలది తుడిచి, గాలి కొట్టించి వుంచాను. ఉగాది సభకి తీసుకొస్తాను. డబ్బు ఇవ్వనక్కర్లేదు. కాలి కొలత మాత్రం రాసుకుని రండి.