మరణవార్తను మోసుకెళ్లే సైనికులు

యుద్ధంలో సైనికుడు మరణిస్తే ఆ కబురు ఇంటికి ఎలా చేరుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఒకప్పుడు మన పల్లెల్లో టెలిగ్రాం వచ్చిందంటే, విప్పకముందే ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకునేవారు. యుద్ధకాలంలో చాలా దేశాల్లో ఇదే పరిస్థితి.

1965 నవంబరులో వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయలో భీకర పోరు జరిగింది. అమెరికాలోని ఫోర్ట్ బెన్నింగ్ స్థావరం చుట్టుపక్కల ఉన్న సైనికుల భార్యలకు మరణవార్తల టెలిగ్రాములను టాక్సీ డ్రైవర్లు అందించారు. బెటాలియన్ కమాండర్ హాల్ మూర్ భార్య జూలియా మూర్ దీన్ని సహించలేదు. ఇంటింటికీ వెళ్లి ఓదార్చారు, అంత్యక్రియలకు హాజరయ్యారు, సైన్యానికి తన అభ్యంతరం తెలిపారు. తరువాత సైన్యం ఈ బాధ్యతను తన అధికారులకే అప్పగించింది.

నేడు అక్కడ ఈ పనికి ప్రత్యేక శిక్షణ ఉంది. యూనిఫాం ధరించిన అధికారి స్వయంగా ఇంటికి వెళతారు. వీలైతే మతాచార్యుడు తోడుంటారు. చెప్పవలసిన మాటలు ముందే కంఠస్థం చేస్తారు. 'మరణించారు' అని స్పష్టంగానే చెప్పాలి. ఎందుకంటే డొంకతిరుగుడు మాట లేనిపోని ఆశను పుట్టిస్తుంది.

ఎవరు చెప్పినా దుఃఖం తగ్గదు. కాని పంపిన సైన్యమే గడప ముందు నిలబడి చెప్పడం ఆ కుటుంబానికి దక్కవలసిన కనీస గౌరవం.