చప్పుడు చేసే బండి కంటే మూగబోయిన బండికే ముప్పు!

పాత మోటారుసైకిళ్లకు టాపెట్ల సవరణ ఎప్పుడు అవసరం?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: ‘ఏపీ 22’ నంబరుతో పాలమూరు ప్రాంతంలో ఇంకా తిరుగుతున్న మోటారుసైకిల్ ఏదైనా 2014 జూన్‌కు ముందు రిజిస్టరైనదే. అంటే పదేళ్లు ఎప్పుడో దాటాయి. హీరో, హోండా సంస్థలు విడిపోయి 2011లో ఆ జంట పేరు కనుమరుగైనా, ఆ పేరున్న బండ్లు మాత్రం పాలక్యాన్లు, ఎరువు బస్తాలు మోస్తూ పల్లెదారుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. ఆయిల్ మార్పించడం, గొలుసు బిగించడం వీటి యజమానులకు అలవాటే. ఇంజిన్ తలభాగంలో ఉండే టాపెట్ల సంగతి మాత్రం చప్పుడు వచ్చేదాకా ఎవరికీ గుర్తుకు రాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. టాపెట్ల వల్ల జరిగే పెద్ద నష్టం చప్పుడు చేస్తూ రాదు.

వెంట్రుకవాసి సందు

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోపలికి రావడానికి ఒక వాల్వు, పొగ బయటకు పోవడానికి మరొకటి ఉంటాయి. ఇంజిన్ నిమిషానికి 4 వేల చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 2 వేల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. వాల్వును నొక్కే రాకర్‌కు, వాల్వు కాడకు మధ్య సన్నని సందు వదులుతారు. చాలా 100 సీసీ బండ్లలో ఇది 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంచుమించు తల వెంట్రుక మందం. వేడికి లోహం సాగుతుంది కనుక ఆ కాస్త చోటు తప్పనిసరి. ఏ బండికి ఎంత సందు ఉండాలో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

బండి తిరిగే కొద్దీ ఈ సందు రెండు విధాలుగా మారుతుంది. రాకర్, కామ్‌షాఫ్ట్ అరిగితే పెరుగుతుంది. వాల్వు కూర్చునే సీటు అరిగితే వాల్వు ఇంకా పైకి జరిగి సందు తగ్గుతుంది. పెరిగినప్పుడు ‘టిక్ టిక్’ మంటూ చప్పుడు వస్తుంది, బలం కొంత తగ్గుతుంది, రాకర్ మొన త్వరగా అరుగుతుంది. నష్టమే, కానీ తట్టుకోగలిగినది. తగ్గినప్పుడు ఏ చప్పుడూ ఉండదు. పైగా ఇంజిన్ మునుపటికంటే నెమ్మదిగా పలుకుతుంది. యజమాని సంతోషిస్తాడు. లోపల మాత్రం వాల్వు పూర్తిగా మూసుకోక సీటుకు ఆనకుండా పోతుంది.

పొగ వెళ్లే వాల్వు 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. సీటుకు ఆనుకున్న ఆ క్షణకాలంలోనే అది తన వేడిలో అధిక భాగాన్ని వదిలించుకుంటుంది. ఆనకపోతే వేడి పోయే దారి లేదు. మండుతున్న వాయువు ఆ సందులోంచే దూసుకుపోతూ వాల్వు అంచును కాల్చి తినేస్తుంది. అప్పుడిక స్క్రూ తిప్పితే సరిపోదు. హెడ్ విప్పాలి, వాల్వు మార్చాలి, సీటు రుద్దించాలి. గేజ్ పెట్టి పావుగంటలో ముగియాల్సిన పని కాస్తా వేల రూపాయల ఖర్చుగా మారుతుంది. సాగు పనుల రోజుల్లో బండి షెడ్డులో పడి ఉండటం దానికి అదనం.

‘‘అన్నా, సప్పుడొస్తుంది, జర బిగించు’’ అని మెకానిక్‌ను తొందరపెట్టడమే చాలాసార్లు ఈ నష్టానికి మూలం. వేడిగా ఉన్న ఇంజిన్‌పై, గేజ్ లేకుండా, చెవి ఆధారంగా బిగిస్తే చప్పుడు పోతుంది, సందు కూడా పోతుంది. అనుభవమున్న చేతికి గేజ్ అక్కర్లేదనే మాట షెడ్లలో వినిపిస్తుంటుంది. వెంట్రుకలో సగం తేడాను పట్టుకునే చేతులు ఎన్ని ఉంటాయన్నది ఆలోచించాలి.

గుర్తుపట్టడం ఎలా?

వదులైన టాపెట్ చప్పుడు ఇంజిన్ పైభాగం నుంచి, లయ తప్పకుండా వస్తుంది. ఎక్సలేటర్ ఇస్తే అదే లయలో వేగం పుంజుకుంటుంది. గరగరమంటూ పక్క నుంచి వినిపిస్తే అది టైమింగ్ చైన్ కావచ్చు. చల్లని ఇంజిన్‌లో ఉదయం పూట స్వల్పంగా వినిపించే టిక్ టిక్‌కు కంగారు పడనక్కర్లేదు.

బిగుసుకున్న టాపెట్‌ను చెవి పట్టుకోలేదు. దానికి వేరే పరీక్ష కావాలి. ఉదయం ఒక్క కిక్కుకే పలికే బండిని పెబ్బేరు నుంచి బీచుపల్లి మీదుగా ఎర్రవల్లి కూడలి దాకా జాతీయ రహదారిపై ఆగకుండా నడిపి, ఇంజిన్ ఆపి, వెంటనే కిక్కు కొట్టి చూడండి. కిక్ రాడ్ అడ్డు లేనట్టు తేలికగా దిగిపోతున్నా, నాలుగైదు కిక్కులకూ అందుకోకపోయినా అనుమానించాల్సిందే. వేడెక్కాక ఐడిలింగ్ నిలవక ఆగిపోవడం, శ్రీశైలం ఘాట్‌లో ఇదివరకు మూడో గేరులో ఎక్కిన చోట ఇప్పుడు రెండుకు దిగాల్సి రావడం, మైలేజీ పడిపోవడం కూడా ఈ కోవలోవే. ప్లగ్గు, కార్బురేటర్ దోషాలకూ ఇవే లక్షణాలు ఉంటాయి. అందుకే కార్బురేటర్ విప్పించే ముందు టాపెట్ సందు చూపించడం తెలివైన పని. చవకైన పని కూడా.

లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా 3 వేల నుంచి 6 వేల కిలోమీటర్లకొకసారి చూపించుకోవడం మంచిది. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే రైతు బండికి 6 వేలు నిండటానికి 10 నెలలు పడుతుంది. రోజుకు 60 తిరిగే పాలవ్యాపారి బండికి 100 రోజులే. పాతబండ్లలో చాలావాటికి మీటరు కేబులే తెగి ఉంటుంది కాబట్టి, వానాకాలం పనులకు ముందొకసారి, యాసంగికి ముందొకసారి అని పెట్టుకుంటే లెక్క తప్పదు.

బండి రాత్రంతా చల్లారాకే ఈ పని చేయాలి. వీలైతే ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి రావాలి. మాగ్నెట్ మీది ‘టీ’ గుర్తును ఎదుటి గీతకు కలిపి, రెండు రాకర్లూ కాస్త కదులుతున్నాయో లేదో చూడాలి. కదలకపోతే మరో పూర్తి చుట్టు తిప్పాలి. పక్కనుండే ‘ఎఫ్’ గుర్తు ఇగ్నిషన్‌ది. దాన్ని చూసి పొరబడకూడదు. ఫీలర్ గేజ్ రేకు స్వల్పంగా పట్టి జారితే సందు సరిగా ఉన్నట్టు. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కదిలే అవకాశం ఉంది కనుక బిగించాక మరోసారి గేజ్ పెట్టించాలి.

అన్ని బండ్లకూ ఒకే పద్ధతి పనికిరాదు. పుష్‌రాడ్లున్న పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్‌కు చల్లగా ఉన్నప్పుడు సందే ఉండకూడదు. రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. 2009లో వచ్చిన క్లాసిక్ 350లో హైడ్రాలిక్ టాపెట్లు ఉండటంతో సవరణే అక్కర్లేదు. ఆర్‌ఎక్స్ 100, టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ వంటి టూ స్ట్రోక్ బండ్లకు ఈ వాల్వులే లేవు. ఏళ్ల తరబడి ఎక్స్‌ఎల్ సూపర్ నడిపినవారు 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100నూ అలాగే అనుకుంటే పొరపాటు. అది ఫోర్ స్ట్రోక్. దానికి టాపెట్లు ఉన్నాయి.

పాతబండి కొనబోయేవారు ఉదయాన్నే, ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లాలి. ముందుగానే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారేమో ఇంజిన్‌పై చేయి పెట్టి చూసుకోవాలి. పదిహేనేళ్ల బండి కొత్తదానిలా నిశ్శబ్దంగా పలికితే, బేరం కుదుర్చుకునే ముందు దాన్ని పది కిలోమీటర్లు నడిపి, ఆపి, మళ్లీ కిక్కు కొట్టి చూడాలి.