విమానం ఎక్కాక వచ్చే 20 లక్షలు

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత చైనాను దాటి మనం మొదటి స్థానానికి చేరింది అప్పుడే. వీరిలో మాస్టర్స్, పీహెచ్‌డీ స్థాయి వాళ్లు 1,96,567 మంది. చదువు ముగించి ఓపీటీ (చదువు తర్వాతి తాత్కాలిక పని అనుమతి) మీద పనిచేస్తున్నవాళ్లు మరో 97,556 మంది. డిగ్రీ చదివేవాళ్లు 36 వేలే. అంటే మనవాళ్లు వెళ్లేది ప్రధానంగా ఎంఎస్‌కి. మొత్తం భారతీయ విద్యార్థుల్లో నూటికి 56 మంది తెలుగు రాష్ట్రాల వాళ్లేనని హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్ వర్గాలు చెప్పాయి.

ఇవన్నీ వెళ్లగలిగినవాళ్ల లెక్కలు. సీటు వచ్చీ వెళ్లలేకపోయినవాళ్లు ఇందులో లేరు. వాళ్లకోసమే పుట్టిన పథకాల్లో డబ్బు ఎంత ఇస్తున్నారన్న దాని మీద బాగానే చర్చ జరుగుతుంది. ఎప్పుడు ఇస్తున్నారన్నది మాత్రం ఎవరికీ పట్టదు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది.

తెలంగాణ సంగతే చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి మొదలైంది. రాష్ట్ర విభజన తర్వాత 2015లో మైనారిటీలకూ, 2016లో మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట బీసీలకూ ఇలాంటి పథకాలే వచ్చాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే రూ.20 లక్షలు ఇస్తారు, ఒకవైపు విమాన టికెట్, వీసా ఫీజు అదనం. మంచి పథకం, సందేహం లేదు. కూలి పని చేసుకునే ఇళ్ల నుంచి, చిన్న కమతాల రైతు ఇళ్ల నుంచి పిల్లలు ఎంఎస్‌కి వెళ్లారంటే దీని చలవే.

అయితే ఆ 20 లక్షలు రెండు విడతల్లో వస్తాయి. మొదటి విడత రావాలంటే విద్యార్థి అమెరికాలో దిగి, అక్కడ ప్రవేశించినట్టు చూపే ఐ-94 పత్రం పంపాలి. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాకే. విమానం ఎక్కేలోపు అయ్యే ఖర్చుకు ఈ డబ్బు అందదు.

ఆ ఖర్చేమిటో వరసగా చూడండి. వీసాకు కావలసిన ఐ-20 పత్రం యూనివర్సిటీ ఇవ్వాలంటే మొదటి ఏడాది ఫీజు, బతుకు ఖర్చు కలిపి ఎంతవుతుందో అంతా బ్యాంకు ఖాతాలోనో, మంజూరైన అప్పు రూపంలోనో చూపించాలి. షో మనీ అంటారే, అదే. ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తుకు 185 డాలర్లు. డాలరు రూ.90 అనుకుంటే ఈ రెండింటికే రూ.48 వేలు. ఆ తర్వాత మొదటి సెమిస్టర్ ఫీజు, అద్దె ఇంటికి అడ్వాన్సు.

ఏడాదికి 5 లక్షలు అంటే నెలకు దాదాపు రూ.41,600. ఆ ఇంట్లో హామీగా పెట్టడానికి ఆస్తి ఉండదు కాబట్టి బ్యాంకులో పెద్ద అప్పు పుట్టడం కష్టం. ప్రభుత్వ బ్యాంకులు అనుసరించే నమూనా పథకంలో రూ.7.5 లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. ఇక మిగిలింది ఊళ్లో అప్పు. రెండు రూపాయల వడ్డీకి రూ.10 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే రూ.20 వేలు. ఇంటి ఆదాయంలో దాదాపు సగం! ప్రభుత్వం నుంచి డబ్బు ఆరు నెలలు ఆలస్యమైతే రూ.1.2 లక్షలు వడ్డీకే పోతాయి. బకాయిలు రాలేదని విద్యార్థులు మొరపెట్టుకోవడం మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

రూపాయి సంగతి వేరే. 2016లో డాలరు రూ.67 దగ్గర ఉన్నప్పుడు రూ.20 లక్షలకు దాదాపు 29,800 డాలర్లు వచ్చేవి. 2025 డిసెంబరులో డాలరు రూ.90 దాటింది. ఆ లెక్కన వచ్చేది 22,200 డాలర్లే. జీవోలో అంకె మారకుండానే సాయంలో నాలుగో వంతు కరిగిపోయింది.

ఎస్సీ, ఎస్టీ పథకానికి పెట్టిన అంబేద్కర్ పేరే మరో లెక్క గుర్తు చేస్తుంది. 1913లో అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లపాటు. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ నెలనెలా వచ్చేది. న్యూయార్క్ నుంచి లండన్ చేరాక ఆ గడువు తీరిపోవడంతో 1917లో చదువు మధ్యలో వదిలి ఆయన తిరిగి రావాల్సి వచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టి, 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డీఎస్సీ అందుకున్నారు. సాయం ఆగిపోతే అంబేద్కర్ అంతటివాడికే మూడేళ్లు పోయాయి.

సరైన వేళకు అందిన సాయం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి మనకు సొంత ఉదాహరణే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతోనూ 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. 1925 నాటికే ఆయన పేరు ఫిస్క్-సుబ్బారావు పద్ధతిలో నిలిచింది, అది రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే విధానం. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. బోదకాలుకు వాడే హెట్రజాన్, అంటే డీఈసీ మందు, 1947లో ఆయన బృందం నుంచే వచ్చింది. మరుసటి ఏడాదే, 53 ఏళ్ల వయసులో ఆయన పోయారు. వెళ్లినవాడు మళ్లీ ఇల్లు చూడలేదు.

బోదకాలు నివారణ కార్యక్రమం జరిగినప్పుడు ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి, భోజనం అయ్యిందా అని అడిగి, ఎదురుగా నిలబడి మింగించే మాత్రల్లో ఉండేది ఆ మందే. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు 100 మిల్లీగ్రాములది ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు రెండు, పెద్దలకు మూడు. కాకినాడ ధర్మసంస్థ పెట్టిన ఖర్చుకు రాబడి ఎంతో లెక్కగట్టడం ఎవరి తరమూ కాదు.

ఇప్పటి సగటు విద్యార్థికి అలాంటి దాత లేడు, బ్యాంకే దిక్కు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నాలుగు సెమిస్టర్లకు పది లక్షల చొప్పున రూ.40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ. రెండేళ్ల చదువు, ఆపైన ఏడాది మారటోరియం. ఆ మూడేళ్లలో బారువడ్డీయే రూ.9.9 లక్షలు. వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు రూ.49.9 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు రూ.68,700. అమెరికా జీతంతో కష్టపడైనా కట్టవచ్చు. ఉద్యోగం లేకపోతే బ్యాంకు నుంచి ఫోను సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్నకు వస్తుంది.

ఉద్యోగం దొరికే వీలెంత? ఓపీటీ 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకు మరో 24. మొదటి 12 నెలల్లో అంతా కలిపి 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. 2025లో జరిగిన హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ ఎంపికలో అర్హమైన దరఖాస్తులు 3,43,981 కాగా ఎంపికైనవి 1,20,141, అంటే నూటికి 35. ఇదే నిష్పత్తిలో మూడేళ్లలో మూడుసార్లు ప్రయత్నించినా నూటికి 27 మందికి రాదు. అది చాలదన్నట్టు, ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు మొగ్గు ఉండేలా 2025 చివర్లో నిబంధన మార్చారు. అప్పుడే చదువు ముగించిన కుర్రాళ్లకు ఇది నష్టమే.

ఇంకో అంకె రాయకుండా ఉండలేను. అంతకుముందు ఐదేళ్లలో విదేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు చనిపోయారని 2024 జులైలో కేంద్రం లోక్‌సభకు చెప్పింది. కెనడాలో 172 మంది, అమెరికాలో 108 మంది. అలాంటి వేళ బిడ్డ మృతదేహాన్ని ఊరికి చేర్చడానికి తానా, ఆటా లాంటి సంఘాలు, స్నేహితులు చందాలు పోగుచేయడం చూస్తున్నాం. ప్రభుత్వ సాయంతో వెళ్లే ప్రతి విద్యార్థికీ మృతదేహం తరలింపు ఖర్చు కూడా కలిసి ఉండే బీమా ముందే చేయించాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో వివరాల నమోదు కూడా వెళ్లకముందే పూర్తి చేయించాలి.

వేళకు డబ్బు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 125 సీట్లే ఉన్నా, అక్కడ ట్యూషన్ ఫీజు, ఏటా జీవన భృతి విదేశాల్లోని మన దౌత్య కార్యాలయాల ద్వారా అందుతాయి. బీమా, విమాన ప్రయాణం అందులోనే. పైగా భృతి డాలర్లలో ఉంటుంది కాబట్టి రూపాయి పడినా విద్యార్థికి నష్టం లేదు. రాష్ట్రాలు చేయాల్సింది రెండు మార్పులు: వీసా ముద్ర పడగానే మొదటి విడతను నేరుగా యూనివర్సిటీ ఖాతాకు పంపాలి, సాయం మొత్తాన్ని డాలర్లలో నిర్ణయించాలి. డబ్బు దుర్వినియోగం అవుతుందన్న భయంతోనే ఐ-94 షరతు పెట్టారనుకుంటే, ఆ భయానికీ ఇది విరుగుడే, ఎందుకంటే కుటుంబం చేతికి డబ్బు రాదు. చాలా యూనివర్సిటీల్లో తరగతులు మొదలయ్యేది ఆగస్టు మూడో వారంలో. ఊళ్లో అప్పు కోసం తిరగకుండా ఉండాలంటే మొదటి విడత జులైలోనే వెళ్లిపోవాలి.