భుజమునకు చికిత్స – కాళ్ళ విషయమున జాగ్రత్త

భుజమునకు శస్త్రచికిత్స జరిగినవారు కాళ్ళను గురించి జాగ్రత్తపడవలెనన్నచో పలువురకు వింతగా తోచును. సిరిసిల్లలో మరమగ్గములను సాంచాలందురు. దినమంతయు వాని యెదుట నిలిచి, కండెలు మార్చుచు, తెగిన పోగులు అతుకు శ్రామికునకు భుజమే జీవనాధారము. అట్టివాడు చికిత్స చేయించుకొని యిల్లు చేరినంతనే ఇంటివారు ప్రేమతో మంచము దిగనీయరు. ఈ ప్రేమ ఒక్కొక్కప్పుడు చేటు తెచ్చునని మనవి చేయుచున్నాము.

గాయమైనచోట నెత్తురు గడ్డకట్టుట మేలే. లేకున్న రక్తస్రావము ఆగదు. సిరల లోపల గడ్డకట్టుటయే కీడు. రక్తప్రవాహము మందగించుట, రక్తనాళము దెబ్బతినుట, రక్తమునకు గడ్డకట్టు స్వభావము హెచ్చుట – ఈ మూడు కారణములను వైద్యులు 19వ శతాబ్దపు జర్మను వైద్యుడు విర్కో పేరిట చెప్పుదురు. శస్త్రచికిత్స పిదప మూడును కలసి రావచ్చును. నడచునపుడు పిక్కల కండరములు బావినీటిని తోడు మోటవలె రక్తమును గుండెవైపునకు పంపును. పడుకొన్నచో ఆ మోట నిలిచినట్లే. కాలియందుగాని, చికిత్స జరిగిన చేతియందుగాని పుట్టిన గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము.

తుంటి, మోకాలి చికిత్సలతో పోల్చిన భుజచికిత్స పిదప ఇది అరుదు. చిన్న రంధ్రముల ద్వారా చేయు చికిత్సకంటె కీలుమార్పిడియందు హెచ్చు. పూర్వము గడ్డకట్టినవారు, క్యాన్సరు రోగులు, స్థూలకాయులు, సంతాననిరోధక మాత్రలు వాడు స్త్రీలు ఆ సంగతి ముందుగనే వైద్యునకు చెప్పవలెను. బీడీ త్రాగువారును దాచరాదు. రక్తము పలుచబరచు మందు అందరకు తగదు. దానివలన రక్తస్రావము కలుగవచ్చును గనుక వైద్యుడే నిర్ణయించును.

చేయి జోలెలోనున్నను కాళ్ళకు బంధనము లేదుగదా! వైద్యుడు అనుమతించినంతనే లేచి నడువవలెను.

పిక్క వాచి నొప్పిపెట్టినచో నూనెరాచి మర్దనచేయుట మన యిండ్లలో పరిపాటి. ఇది కూడదు; గడ్డ కదలిపోవచ్చును. చేయి వాచినను వెంటనే వైద్యునకు చూపవలెను. అకస్మాత్తుగా ఆయాసము, రొమ్ములో నొప్పి, దగ్గులో నెత్తురు కనిపించినచో గ్యాసని సోడా త్రాగించుచు కూర్చుండక 108కు ఫోను చేయవలెను. చికిత్స జరిగి కొన్ని వారములైనను ఏమరరాదు. వైద్యుడు వ్రాసిన చీటీలు వెంట తీసుకొనిపోయి, భుజమునకు ఏనాడు చికిత్స జరిగినదియు మొదటనే చెప్పవలెను. ఎవరును చెప్పనిచో, ఆయాసముతో వచ్చిన రోగి భుజమును గురించి చూచువారికి తట్టకపోవచ్చును.